తోడుపోయినవాని నేరము



“నేను గోడ దూకలేదు, తాళము ముట్టలేదు, వీధిమొగను నిలిచితిని, అంతియే” యని చెప్పు కుఱ్ఱవానికి చట్టములో రక్షణ కలదా? కొవ్వూరిలో చిరకాలము బడిపంతులుగా నుండిన నేను, చట్టమును ధర్మశాస్త్రమును ఈ విషయమున ఏమనుచున్నవో తమకు మనవి చేసెదను.

సూర్యాస్తమయమునకు పిమ్మట, సూర్యోదయమునకు ముందు, గోడకు కన్నము వేసియో, ప్రహరి నెక్కియో, తాళము తీసియో దుర్బుద్ధితో ఇల్లు చొచ్చుట రాత్రి గృహభేదనము. దీనినిగూర్చి 1860 నాటి భారత శిక్షాస్మృతి 460వ సెక్షనులో నున్న నియమమే, 2024 జూలై 1వ తేదీన అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 331వ సెక్షను 8వ ఉపవిభాగముగా నున్నది. నలుగురు కలసి ఇల్లు చొచ్చు సమయమున వారిలో నొకడు బుద్ధిపూర్వకముగా ఎవరినైన చంపినను, తీవ్రముగా గాయపఱచినను, అందుకు ప్రయత్నించినను, ఆ పనిలో కలసిన ప్రతివాడును యావజ్జీవశిక్షకుగాని, పదేండ్లవఱకు ఖైదునకుగాని పాత్రుడగును, జుల్మానాయు పడును. “కొట్టుమని నేను చెప్పలేదు” అను మాట ఇచట నిలువదు.

కాపలా నిలుచుటయు పనిలో పాలుపంచుకొనుటయే. 1923 ఆగష్టులో కలకత్తా శంకరీటోలా తపాలాకచేరిలో దుండగులు పోస్టుమాష్టరును కాల్చి చంపిరి. అది పగటివేళ జరిగినదైనను న్యాయసూత్ర మొకటియే. పట్టుబడిన బరేంద్రకుమార ఘోషు తాను వెలుపలనే యుంటినని వాదించెను. ప్రివీకౌన్సిలు 1924లో ఆ వాదమును త్రోసివేసెను. దొంగలకు తెలిసి అన్నము, నిప్పు, ఆయుధము, చోటు ఇచ్చువారిని దొంగలవలెనే దండింపవలెనని మనుస్మృతియు చెప్పుచున్నది.

అయితే దీనికి హద్దులును కలవు. ఇతరుడు చేసిన హత్యకు ఈ నియమముచేతనే తోడివానికి ఉరి పడదు. చంపు సంకల్పమునందును అతడు పాలివాడని ఋజువు కావలెను. కాని ఐదుగురుగాని అంతకు మించిగాని కూడి దోపిడి చేయుచుండగా ఒకడు హత్య చేసినచో, అందఱకును ఉరిశిక్ష పడవచ్చును.

వేఱొక హద్దు మనము మఱవరానిది. కలసి చేసిన పనికే ఉమ్మడి శిక్ష. కలసి పుట్టినందుకు గాదు. 1911 నాటి నేరజాతుల చట్టము పుట్టుకనే నేరముగా నెంచినది. 1913లో బాపట్ల చెంత స్టూవర్టుపురమున ఎరుకల కుటుంబములను ఆ విధముగనే నిర్బంధవాసములో నుంచిరి. దేశమంతటను ఆ చట్టము 1952లో రద్దయ్యెను. కావున ఊరిలో కన్నము పడినప్పుడు ఒక పేటనంతయు వేలెత్తి చూపుట న్యాయము గాదు.

రాత్రి గృహభేదనము జరిగినదనిగాని, జరుగబోవుచున్నదనిగాని తెలిసినవాడు, తగిన కారణము లేనియెడల, పోలీసులకో మెజిస్ట్రేటునకో వెంటనే తెలుపవలెనని చట్టవిధి. రచ్చబండకడ కూర్చుండినపుడు తాము మన కుఱ్ఱవాండ్రకు ఈ రెండు మాటలు చెప్పుడు: తోడు పోవలదు, తెలిసినది దాచవలదు.