గుండె చర్మం వరకు పంపే వార్త



మిరపకోతల కాలంలో మన ఊళ్ళలో ఒక మాట తరచుగా వింటాము: "ఛాతీలో మంటగా ఉంది, గ్యాస్ పట్టినట్లుంది, సోడా తాగితే పోతుందిలే." కల్లంలో ఘాటుకు దగ్గు, మంట రావడం నిజమే. అందుకే అసలైన గుండెనొప్పి కూడా ఆ లెక్కలోనే కలిసిపోతుంది. ఏలీయాబు ఎత్తును, రూపాన్ని చూచి సమూయేలు ప్రవక్త ఇతడే అనుకొన్న సంగతి మీరెరుగుదురు. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు మోసేవాని కండలు చూచి, అతని గుండె గట్టిదని మనమూ అలాగే అనుకొంటాము.

గుండె కుడివైపు పైగదిలో పుట్టే చిన్న విద్యుత్తు, అది కొట్టుకొనే ప్రతిసారీ గుండె అంతటా ప్రాకుతుంది. దాని జాడ చర్మం దాకా వస్తుంది. 1887లో లండనులో అగస్టస్ వాలర్ ఛాతీ కోయకుండానే దానిని నమోదు చేశాడు. తరువాత హాలెండులో ఐంతోవెన్ రోగి చేతులు, కాలు ఉప్పునీటి తొట్లలో పెట్టించి స్పష్టమైన గీతలు రాబట్టాడు. 1924లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నేటి ఈసీజీ దాని సంతానమే. పది తీగలు, కొద్ది నిమిషాలు, నొప్పి లేదు.

అయితే లోపం గుండెలో సరిగ్గా ఏ మూల ఉన్నదో ఈసీజీ చెప్పలేకపోవచ్చు. మీ చేలో భూమిలోపలి పైపు పగిలిందనుకోండి. పైన తడిసిన మట్టిని ఎన్ని చోట్ల చూస్తే, రంధ్రం ఎక్కడో అంత బాగా తెలుస్తుంది. అమెరికాలో యోరామ్ రూడీ బృందం చేసిన పని ఇదే. రెండు వందలకు పైగా ఎలక్ట్రోడులున్న చొక్కా తొడిగి, సీటీ స్కానుతో గుండె ఆకారం తీసి, చర్మం మీది విద్యుత్తును బట్టి గుండె మీది విద్యుత్తును కంప్యూటరుతో లెక్కగట్టారు. 2004లో ఆ ఫలితాలను ప్రచురించారు. ప్రాణాంతకమైన గుండెదడ గల ఐదుగురికి ఇటువంటి పటం చూచి, కోత లేకుండా రేడియేషనుతో చికిత్స చేసిన సంగతిని 2017లో సెయింట్ లూయిస్ వైద్యులు ప్రకటించారు.

మనలో చాలామందికి ఆ చొక్కా అవసరం రాదు. వేళకు తీస్తే ఈసీజీయే ఎంతో చెబుతుంది. 2023లో మన రాష్ట్రంలో మొదలైన స్టెమీ కార్యక్రమంలో, చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని దూరాన ఉన్న గుండె వైద్యుడు చూచి, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను అక్కడే ఇప్పించే ఏర్పాటు చేశారు. మొదటి ఈసీజీ బాగున్నా నొప్పి ఆగకపోతే, మళ్ళీ తీయమని అడగండి. చక్కెరవ్యాధి ఉన్నవారికి, స్త్రీలకు నొప్పి లేకుండా ఆయాసం, చెమట మాత్రమే రావచ్చు. పత్తి ఏరుతున్న అక్కకు అలా అయితే పిల్లవాణ్ణి సోడాకు పంపకండి, 108కి ఫోను చేయండి.

పాత ఈసీజీ కాగితాలు పారవేయకండి, డాక్టరుగారు కొత్తదానితో పోల్చి చూస్తారు. బైబిలులో పెట్టి దాచుకొనేవారున్నారు, మంచిదే. కాని మన ఎండలకు, వేడికి ఆ గీతలు వెలిసిపోతాయి. ముందే ఒక జిరాక్సు తీయించుకోండి.