గంటలు ఒక వరస పైకి జరిగితే: యాప్‌లో అమరిక గురించి

(ఈ ఎపిసోడ్‌లో మాట్లాడింది, చదువుకోవడానికి వీలుగా)

వుడ్‌ల్యాండ్స్ నుంచి మాట్లాడుతున్నాను. ఆదివారం లైబ్రరీలో కూర్చుని యాప్‌లు చేయడం నేర్చుకుంటున్న తమ్ముళ్లు తరచూ అడిగే మాట ఒకటుంది: "అన్నా, నా ఫోన్‌లో బాగుంది, పక్కవాడి ఫోన్‌లో పెడితే చెదిరిపోతోంది. ఎందుకు?"

నా తప్పే చెప్తాను. రూమ్‌లో వాళ్ల కోసం ఓటీ గంటలు రాసుకునే చిన్న యాప్ చేశాను. ఎడమవైపు రోజులన్నీ ఒక నిలువు పెట్టెలో, కుడివైపు గంటలన్నీ ఇంకో నిలువు పెట్టెలో పెట్టాను. నా ఫోన్‌లో చక్కగా ఎదురెదురుగా కనిపించాయి.

మా రూమ్‌లో పెద్దాయనకి చూపు తక్కువ, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి పెట్టుకుంటాడు. ఆయన ఫోన్‌లో "మంగళవారం, రాత్రి షిఫ్టు" అన్నది రెండు లైన్లయింది. దాంతో కింద ఉన్న రోజులన్నీ ఒక లైను దిగాయి. గంటలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. గురువారం చేసిన 4 గంటలు బుధవారం పక్కన కనిపించాయి. ఆయన నమ్మి బుధవారం ఓటీ రాలేదని అడగడానికి వెళ్లాడు. హాజరు పుస్తకంలో బుధవారం ఓటీ లేదు. నలుగురి ముందు ఆయన తల దించుకోవాల్సి వచ్చింది. తప్పు ఆయనది కాదు, నాది.

పాఠం ఏంటంటే, ఒకదానికొకటి సంబంధం ఉన్నవాటిని ఒకే వరసలో కట్టాలి. రోజు, దాని గంటలు కలిపి ఒక అడ్డ పెట్టె. అలాంటి వరసలు ఒకదాని కింద ఒకటి. అప్పుడు రోజు పేరు రెండు లైన్లయినా దాని గంటలు దాన్ని వదిలిపోవు. కన్‌స్ట్రెయింట్ లేఅవుట్ వాడితే గంటల బేస్‌లైన్‌ని రోజు బేస్‌లైన్‌కి కట్టండి. ఒకటి పెద్ద అక్షరం, ఒకటి చిన్నదైనా రెండూ ఒకే గీత మీద కూర్చుంటాయి.

గ్రావిటీ, లేఅవుట్ గ్రావిటీ చాలామంది కలగాపులగం చేస్తారు. రూమ్‌లో మంచం ఏ మూల ఉందన్నది లేఅవుట్ గ్రావిటీ. మంచం మీద మీరు ఏ పక్కకి పడుకున్నారన్నది గ్రావిటీ. అంతే.

డబ్బు అంకెలు ఎప్పుడూ ఎండ్ వైపుకి ఆనించండి, చుక్క తర్వాత అందరికీ రెండంకెలే ఉంచండి. అప్పుడు 80.00 ఏదో, 800.00 ఏదో చూడగానే తెలుస్తుంది. లెఫ్ట్, రైట్ అని కాకుండా స్టార్ట్, ఎండ్ అని రాయండి. గల్ఫ్‌లో ఎవరైనా ఫోన్‌ని అరబిక్‌లో పెట్టుకుంటే తెర మొత్తం కుడి నుంచి మొదలవుతుంది, అప్పుడు కూడా అమరిక చెడదు.

ఇక మన తెలుగు సంగతి. ఎత్తు ఇంత అని బిగించేస్తే "మొత్తం"లో త వత్తు కోసుకుపోతుంది. ఎత్తుకి రాప్ కంటెంట్ ఇవ్వండి. అక్షరాల సైజు ఎస్‌పీలో, ఖాళీలు డీపీలో. నొక్కే బటన్ 48 డీపీకి తగ్గకూడదు, సిమెంటు పనితో మొద్దుబారిన వేలికి కూడా అందాలి. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలు 200 శాతం దాకా పెంచుకోవచ్చు. కాబట్టి తెర మొత్తాన్ని స్క్రోల్ అయ్యేలా పెట్టండి, లేకపోతే "సేవ్" బటన్ కిందికి జారి కనపడకుండా పోతుంది.

ఇంత గొడవ దేనికంటే, ఆ అంకె మన జీతం. సింగపూర్‌లో 2016 ఏప్రిల్ నుంచి వివరాలతో పేస్లిప్ ఇవ్వడం తప్పనిసరి, అందులో ఓటీ గంటలు కూడా ఉండాలి. ఓటీకి గంట బేసిక్ రేటుకి కనీసం ఒకటిన్నర రెట్లు. బేసిక్ 800 డాలర్లయితే, 800ని 12తో హెచ్చించి, 52 ఇంటూ 44తో భాగిస్తే గంటకి దాదాపు 4.20. ఓటీ గంటకి దాదాపు 6.29. పేస్లిప్ పక్కన మన లెక్క పెట్టి అడగాలంటే మన లెక్క ముందు సరిగ్గా ఉండాలి కదా.

ఈ వారం ఒక పని చేయండి. మీ యాప్‌ని రూమ్‌లో అందరికంటే పాత ఫోన్‌లో వేసి, భాష తెలుగు, అక్షరాలు అన్నిటికంటే పెద్దవి పెట్టి, చూపు తక్కువున్న అన్న చేతికివ్వండి. ఆయన తడబడిన చోటే మీరు సరిచేయాల్సిన చోటు. మా పెద్దాయన ఇప్పుడు అదే యాప్ వాడుతున్నాడు, కానీ కొత్తది ఏది చేసినా ముందు ఆయనకే చూపిస్తున్నాను.

ఉంటానండి. వచ్చే ఆదివారం కలుద్దాం.