లాంఛనం: ఒక మాట, దాని బరువు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పిల్లలకు ఉర్దూ చెప్పుకునేవాణ్ణి. మాట ఎక్కడ పుట్టింది, ఎక్కడికి చేరింది అని చూడడం మా వృత్తిలో ఉన్నదే. ఈ రోజు ఒక తెలుగు మాటను మీ ముందు పెడతాను. అది 'లాంఛనం'.

సంస్కృతంలో లాంఛనమంటే గుర్తు. మన ఉర్దూలో నిషాన్. పూర్వం రాజవంశాలకు లాంఛనాలుండేవి. వేంగి చాళుక్యులది వరాహం. మన ముఖలింగం ప్రాంతం నుంచి ఏలిన తూర్పు గాంగులది వృషభం. వారి రాగి శాసనాలకు వేసిన ముద్రల మీద ఆ ఎద్దు బొమ్మ ఉంటుంది. అక్షరం రానివాడు కూడా ముద్ర చూసి ఇది ఫలానావారి ఆజ్ఞ అని పోల్చుకోవాలి గదా! జైన తీర్థంకరులకూ ఇంతే. వృషభనాథునికి ఎద్దు, మహావీరునికి సింహం. రామతీర్థం కొండల్లో దొరికినటువంటి జైన విగ్రహాలు ఎవరివో పోల్చడానికి పండితులు చూసేది ఇలాంటి గుర్తులనే.

ముస్లిం పాలకులకు ఖుత్బాలో పేరు, సిక్కా మీద పేరు, ఈ రెండూ రాజ్యాధికారానికి నిషానీలు. చాళుక్యుల వరాహమూ నాణెం మీదికెక్కింది. చివరకు బంగారు నాణేనికే 'వరహా' అన్న పేరు నిలిచిపోయింది.

మన పక్కనున్న బొబ్బిలి సంగతి వినండి. గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫున శ్రీకాకుళంలో ఫౌజుదారుగా ఉన్న షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో ఇక్కడి జామియా మసీదు కట్టించాడు. షేర్ అంటే పులి. ఆయన మీది గౌరవంతో ఆ సంస్థానం మూలపురుషుడు తన ఊరికి పెబ్బులి అని పేరు పెట్టాడనీ, అదే బొబ్బిలి అయిందనీ చరిత్రలో రాశారు. ఒక ఉర్దూ పేరు తెలుగు ఊరైంది. గుర్తంటే అలా ఉండాలి. ఒకరు మరొకరిని గౌరవించినట్టు తెలియాలి.

1950 జనవరి 26న మన గణతంత్రం సారనాథ్ సింహాలను తన చిహ్నంగా స్వీకరించింది. పెద్దలు పోతే అధికార లాంఛనాలతో సాగనంపుతాం. ఇక్కడివరకూ మాటకు పరువుంది. అదే మాటకు హిందీలో మచ్చ, నింద అని అర్థం. గుర్తు ఒకటే. అది పరువు అవుతుందా, మచ్చ అవుతుందా అన్నది పెట్టేవాడి చేతిలో ఉంది.

ఇప్పుడు మన ఇళ్ళకు వద్దాం. ఆడపడుచు లాంఛనాలు అంటాం. కట్నం వద్దన్న పెద్దమనుషులే "ఆఁ, లాంఛనాలదేముంది, ఏదో ఆచారం" అని నెమ్మదిగా అంటారు. నాకు తెలిసిన ఒక దర్జీ సోదరుడు కూతురి నిఖా కోసం ఉన్న రెండు కుట్టుమిషన్లలో ఒకటి అమ్మేశాడు. కట్నం ఇవ్వలేదు. ఒట్టి లాంఛనాలే! ఆ ఇంటికి సగం అన్నం పెట్టే మిషను అది.

ఉర్దూలో జోడే కీ రఖమ్ అనండి, తెలుగులో లాంఛనం అనండి, పేరు మారితే బరువు తగ్గుతుందా? మన దీన్‌లో మహర్ ఇవ్వవలసినవాడు వరుడు. 1961 వరకట్న నిషేధ చట్టం కూడా మహర్‌ను కట్నం కాదని విడిగా చెప్పింది. పెళ్ళి కోసం వధూవరులకే కాదు, ఇంకెవరికి ఇచ్చినా కట్నమేనంది. అంటే ఆడపడుచు పేరు చెప్పి తప్పించుకోవడానికి లేదు.

నా మనవి ఒక్కటే. మనలో చాలామంది సంబంధాలు కుదిర్చే పెద్దలున్నారు. మాటలు జరిగేచోట ఎవరైనా 'లాంఛనం' అంటే, "ఎంత? ఎవరికి? ఎందుకు?" అని అక్కడే, అందరిముందూ గట్టిగా అడగండి. జవాబు చెప్పడానికి సిగ్గుపడితే అది గౌరవం కాదని వారికే తెలుస్తుంది. లాంఛనం పెట్టాలనుంటే కోడలికి పేరు పెట్టి ఆప్యాయంగా పిలవండి. అంతకుమించిన నిషానీ లేదు.