బడికి కూడా గ్రేడింగు చేసి చూసినం
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)

పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇంతకుముందే విన్నారు. మేము ఒక బడి ముచ్చట చెప్తాం.

పోయిన ఏడు మే నెల మీటింగులో ఒక్కనాడే ముగ్గురు సభ్యులు అప్పు అడిగిండ్రు. బర్రెకు కాదు, కుట్టుమిషనుకు కాదు. పిల్లల ప్రైవేటు బడి ఫీజుకు, వ్యాను కిరాయికి. "మన ఊళ్లె సర్కారు బడి ఉంది గదా" అని ఒక పెద్దమ్మ అన్నది. "అండ్ల ఏం చెప్తరక్కా" అన్నది అప్పు అడిగిన చెల్లె. "నువ్వు పోయి చూసినవా?" అంటే సప్పుడు లేదు.

ఆ చెల్లె ఒక్కతే కాదు. అక్కడున్న మేమెవరమూ తరగతి గదిలో కూర్చొని చూసినవాళ్లం కాదు. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినయి. గ్రామ సంఘం అధ్యక్షురాలే దానికి చైర్‌పర్సన్. రిపేరు పనులకు సంతకాలు పెట్టినం. పిల్లల యూనిఫాం కూడా మన సంఘాల ఆడవాళ్లే కుట్టిండ్రు. బట్టలు కుట్టినం గానీ, ఆ బట్టలు వేసుకున్న పిల్లకు చదువు వస్తుందా అని చూడలేదు.

సంఘం మంచిదో కాదో మనం ఎట్లా చూస్తాం? పంచసూత్రాలు చూస్తాం. మీటింగు, పొదుపు, అప్పు, వసూలు, పుస్తకాలు. గోడల రంగు చూసి ఏ సంఘానికీ ఏ గ్రేడు ఇవ్వం. అట్లనే బడికి ఐదు ప్రశ్నలు రాసుకున్నం. పిల్లలెందరు, టీచర్లెందరు? ఇద్దరూ రోజూ వస్తున్నరా? మూడో తరగతి పిల్ల తన పుస్తకంలో ఒక పేజీ చదవగలదా, తీసివేత చేయగలదా? మరుగుదొడ్డిలో నీళ్లున్నయా? మధ్యాహ్నం అన్నం మనం తింటే మన నోటికి ఎట్లున్నది?

జులైలో మూడు బడులకు పోయినం. ఊరి ప్రాథమిక పాఠశాల, తండా ప్రాథమిక పాఠశాల, పక్క ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు.

ఊరి బడికి కొత్త రంగులు, ముగ్గురు టీచర్లు, మంచి భోజనం. మూడో తరగతిలో పదిమందిని చదివిస్తే నలుగురే చదివిండ్రు. తండా బడికి ఒకటే గది, ఒక్కడే సారు. ఐదు తరగతులకు పద్దెనిమిది సబ్జెక్టులు ఆయనే చెప్పాలె. వాన పడితే గది ఉరుస్తది. కానీ అక్కడి పిల్లలు చదువుతున్నరు! పొద్దున మొదటి గంట అందరితో పుస్తకం చదివిస్తడు, పెద్ద పిల్లల పక్కన చిన్న పిల్లలను కూర్చోబెడతడు. ఆయన సెలవు పెట్టిననాడు మాత్రం బడి బందే.

హైస్కూల్లో సబ్జెక్టుకో టీచరు ఉన్నరు. అయితే ఆడపిల్లలు మధ్యాహ్నం దాకా సీసా మూత తీయలేదు. ఎందుకని అడిగితే, మరుగుదొడ్డిలో నీళ్లు రావు, అందుకే తాగం అన్నరు. వాళ్లు మన కడుపున పుట్టిన పిల్లలే. ఇంట్లో ఒక్కనాడు కూడా చెప్పలేదు, మనమూ అడగలేదు.

గురుకులాన్ని, మోడల్ స్కూల్‌ను ఎందుకు చూడలేదని కొందరు అడిగిండ్రు. అక్కడికి ప్రవేశ పరీక్షలో ఎంపికైన పిల్లలు పోతరు. ఏరిన విత్తనం పంటను ఏరని విత్తనం పంటతో పోల్చితే న్యాయం కాదు. కస్తూర్బా బడి వేరు. తల్లిదండ్రులు లేని ఆడపిల్లలకు, చదువు మధ్యలో ఆగినవాళ్లకు అది ఆసరా. మీ ఊళ్లో అట్లాంటి పిల్ల ఉంటే దాని గురించి చెప్పండి.

చూసి ఊరుకోలేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలి. అది తీర్మానంలో రాసి, మండల విద్యాధికారి ఆఫీసుకు మూడుసార్లు తిరిగినం. దసరా తర్వాత తండాకు రెండో టీచరు వచ్చింది. హైస్కూలు మోటారు బాగు చేయించినం. ఊరి బడి టీచర్లను తండా సారు దగ్గరికి తీసుకుపోయినం. మొదట నొచ్చుకున్నరు. "సర్వేలకు, వేరే పనులకు మమ్మల్ని తిప్పుతరు, ఇంట్లో మీరు పుస్తకం తీయించరు" అన్నరు. అదీ నిజమే. ఇప్పుడు ఊరి బడిలోనూ మొదటి గంట చదువుడే. ఇంటి దగ్గర అరగంట టీవీ, ఫోను బంద్ పెట్టి పిల్లల పక్కన కూర్చుంటున్నం. చదువురాని తల్లి కూడా కూర్చొని వినవచ్చు. ఫిబ్రవరిలో మళ్లీ అదే పది మందిని చదివిస్తే ఏడుగురు చదివిండ్రు. ఇంకా ముగ్గురున్నరు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. తండా అక్క ఒకామె మమ్మల్ని నిలదీసింది. "మాకు చెప్తున్నరు, మరి మీ పిల్లలు ఏ బడిలో ఉన్నరు?" ఐదుగురు పదాధికారుల్లో ముగ్గురి పిల్లలు ప్రైవేటు వ్యాను ఎక్కేవాళ్లే. తల వంచుకున్నం. ఈ జూన్‌లో ఇద్దరం మార్చినం. ఒకామె ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదు.

ఫీజుకు అప్పు అడిగితే మేము కాదనం. ఏ బడికి పంపాలో తల్లి ఇష్టం. కానీ అప్పు కాగితం రాసే ముందు ఊరి బడిలో ఒక పూట కూర్చొని రావాలని తీర్మానం చేసుకున్నం. మొదట అడిగిన ముగ్గురిలో ఒక చెల్లె పోయి చూసి వచ్చి, ఆ అప్పుతో బర్రెను కొన్నది.

పిల్లలు తగ్గితే టీచర్లు తగ్గుతరు, టీచర్లు తగ్గితే ఉన్న పిల్లలూ పోతరు. చివరికి బడికి తాళం పడితే, వ్యాను కిరాయి కట్టలేని ఇంటి పిల్ల ఎటు పోవాలె? అందుకే ప్రతి గ్రామ సంఘానికి మా విన్నపం. వచ్చే బడిబాట దాకా ఆగకండి. ఈ నెలలోనే ఐదు ప్రశ్నల కాగితం పట్టుకొని మీ బడికి పోండి. మొదట పిల్లల పక్కన కూర్చోండి, సంతకం తర్వాత పెట్టండి.