అడవి కూడా పనిచేసే చోటే
(తూంకుంటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తూంకుంట, శామీర్‌పేట బడుల్లో చాలాకాలం పిల్లలకు జంతువుల కథలు చెప్పాను. దసరానాడు పాలపిట్ట కనబడితే శుభమని చెబుతుంటే, "అది గుడ్లెక్కడ పెడుతుంది మేడమ్?" అని పిల్లలు అడిగేవాళ్ళు. చెట్టు తొర్రలో, మోడైన తాటిచెట్టులో పెడుతుంది. ఇక్కడ వెంచరు వేశారంటే ఆ మోడులు మిగలవు. ఇంకా ఎన్ని తొర్రలున్నాయో, ఎన్ని పిల్లలు ఎగిరాయో కథతో తేలదు, తిరిగి లెక్కపెట్టాలి. అందుకే సంరక్షణ జీవశాస్త్రంలోకి వచ్చాను.

ఈ దారిలో నడిచిన ఆడవాళ్ళు ముందే ఉన్నారు. జె. విజయ మద్రాసు స్నేక్ పార్కులో వాలంటీరుగా మొదలై, ఎన్నో ఏళ్ళుగా శాస్త్రజ్ఞులకు కనబడని తాబేలును 1982లో కేరళ అడవిలో మళ్ళీ వెతికి పట్టుకున్నారు. 1987లో, ముప్పై నిండకుండానే పోయారు. 2006లో ఆ తాబేలుకు విజయకెలిస్ అని ఆమె పేరే పెట్టారు.

కథలు చెబుతానంటే ఇంట్లో ఎవరూ కాదనరు. తెల్లవారుజామున అడవికి పోతానంటే వంద ప్రశ్నలు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ దానికి మందు ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం కాదు. లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం పని మీద వెళ్ళిన ప్రతిచోటూ, యజమాని ఏర్పాటుచేసిన వాహనంతో సహా, పనిచేసే చోటే. జీతంలేని వాలంటీరుకూ, ట్రైనీకీ అది వర్తిస్తుంది. పదిమంది కూడా లేని సంస్థ అయితే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. అడవిలో పనిచేసే చాలామంది అమ్మాయిలకు ఈ సంగతే తెలియదు.

మీ సంస్థల నుంచి అమ్మాయిలను సర్వేలకు పంపేముందు కమిటీలో ఎవరున్నారో, వాహనం ఎవరిదో, రాత్రి బస ఎక్కడో కాగితం మీద రాయించుకోండి. మేమిప్పుడు ఆ కాగితం చేతికి రానిదే ఎవరినీ పంపడం లేదు.