తలుపు తీసే ముందు



ఇవాళ నేను మీకు వంటలు చెప్పబోవడం లేదు, పిల్లల చదువుల గురించీ కాదు. రోడ్డు మీద రోజూ మనకు ఎదురయ్యే సైకిలు గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. "ఇంట్లో సైకిలు మూలపడి ఎన్నేళ్ళో అయింది, కారేమో మావారు నడుపుతారు. మాకెందుకమ్మా ఈ గొడవ?" అంటారేమో. మనలో స్కూటర్లూ కార్లూ నడిపేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారనుకోండి. కానీ నాలాగా వెనక సీట్లో సంచులు ఒళ్ళో పెట్టుకు కూర్చునేవాళ్ళూ తక్కువేం లేరు. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ వెనక సీటు గురించే.

నా చిన్నతనంలో మా ఇల్లు తాడేపల్లిలో ఉండేది. నాన్నగారి ఆఫీసు విజయవాడ గవర్నరుపేటలో. 1957లో పూర్తయిన మన ప్రకాశం బ్యారేజీ మీదుగా రోజూ సైకిలు మీదే వెళ్ళి వచ్చేవారు. బ్యారేజీయే కిలోమీటరుకు పైగా ఉంటుంది కదా. కృష్ణ మీద ఎదురుగాలి కొట్టిన రోజున దిగి నడిపించుకుంటూ పోయేవారట. అమ్మ కట్టిన క్యారేజీ హ్యాండిలుకు తగిలించుకుని, ప్యాంటు అంచు గొలుసులో పడకుండా క్లిప్పు పెట్టుకుని బయల్దేరితే, మళ్ళీ సాయంత్రం గంట చప్పుడు వినపడేదాకా అమ్మ ప్రాణం కుదుటపడేది కాదు. ఆరున్నర దాటిందంటే వంటింట్లోకీ గుమ్మంలోకీ తిరగడమే పని. "ఇవాళ బస్సువాడు నన్ను రోడ్డు అంచుదాకా నెట్టేశాడే" అని నాన్నగారు నవ్వుతూ చెప్పేవారు. అమ్మ మాత్రం నవ్వేది కాదు.

అటువంటి ఇంట్లో పుట్టిన నేను కారెక్కగానే అదంతా ఎలా మరచిపోయానో చూడండి. మేము కారు కొన్న కొత్తలో, ముందు ఏ సైకిలన్నా నెమ్మదిగా పోతుంటే, "హారన్ కొట్టండి, పక్కకు తప్పుకుంటాడు" అని మావారికి నేనే చెప్పేదాన్ని. కారెక్కితే దారంతా మనదే అనిపిస్తుంది. ఎవరు అడ్డం వచ్చినా మన సొమ్మేదో తింటున్నట్టు ఉంటుంది. కాదంటారా?

కిందటి సంక్రాంతికి ముందు ఏలూరు రోడ్డులో ఒక బట్టల షాపుకి వెళ్ళాం. మావారు రోడ్డు ఎడమపక్కన కారు ఆపారు. నేను వెనక ఎడమవైపు కూర్చున్నాను. ఒళ్ళో సంచీ, ఒక చేతిలో ఫోను. మా అమ్మాయితో మాట్లాడుతూనే రెండో చేత్తో తలుపు తీశాను. ధడాలున చప్పుడయింది. చూస్తే ఒక మనిషి, అతని సైకిలు కింద పడి ఉన్నారు.

యాభై ఏళ్ళు ఉంటాయేమో. తాపీ పనివాడని సంచీలోంచి బయటపడ్డ తాపీ చూస్తే తెలిసింది. మోచెయ్యి చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. హ్యాండిలుకున్న క్యారేజీ ఊడి, గిన్నెలు తలోదిక్కూ దొర్లాయి. అన్నం, పప్పు, ఓ మూల పెట్టిన పండుమిరపకాయ పచ్చడి, అన్నీ రోడ్డు పాలయ్యాయి.

మావారు దిగి, "ఏమయ్యా, చూసుకుని రావద్దా?" అన్నారు. ఆయనకు పాపం నేను తలుపు తీసింది తెలియదు. పక్కన నిలబడ్డ మరో ఇద్దరు కూడా అతన్నే కేకలేశారు. ఆ మనిషి ఏమన్నాడో తెలుసా? "తప్పయిపోయిందండీ" అన్నాడు. తలుపు తీసింది నేను. తప్పయిందన్నది అతను. నేను నోరు విప్పలేదు.

మావారు అయిదు వందలు చేతిలో పెట్టారు. అతను కాసేపు తటపటాయించి తీసుకున్నాడు. గిన్నెలు ఏరి తువ్వాలుతో తుడుచుకున్నాడు. ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి, వంకరపోయిన హ్యాండిలు ఒంటి చేత్తో సరిచేసుకుని, సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. నేను షాపులోకి వెళ్ళాను. చీర కూడా కొన్నాను. ఈ మాట ఈ మైకు ముందు చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. తెల్లవారుజామున లేచి ఆ క్యారేజీ కట్టినావిడ ఎవరో, నాలాంటి ఇల్లాలే కదా! ఆవిడ కూడా మా అమ్మలాగే గుమ్మం వైపు చూస్తూ ఉంటుంది కదా!

మావారికి జరిగింది చెప్పేశాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరవాత, "నేనూ అద్దంలో చూసి నీకు చెప్పి ఉండవలసింది" అన్నారు. మా అబ్బాయి కాగితం మీద లెక్క కట్టి చూపించాడు. మామూలుగా తొక్కే సైకిలు గంటకు 15 కిలోమీటర్లు పోతుందనుకుందాం. అంటే సెకనుకు నాలుగు మీటర్ల పైమాటే. మన కారు పొడవు కూడా ఇంచుమించు అంతే. సైకిలు కారు వెనక చక్రం దగ్గరికి వచ్చాక మనం తలుపు తీస్తే, ఆ మనిషికి బ్రేకు మీదకు చెయ్యి పోయేంత వ్యవధి కూడా ఉండదు. గుద్దుకోవాలి, లేదా పక్కకు విరుచుకుని వెనకొచ్చే బస్సు ముందు పడాలి.

అప్పటినుంచీ నేను సైకిలు వాళ్ళని కాస్త గమనించడం మొదలుపెట్టాను. మా వీధిలో ఇస్త్రీ బట్టలు తెచ్చిచ్చే అతన్నీ, పేపరు వేసే కుర్రాణ్ణీ అడిగి తెలుసుకున్నాను. "సైకిలు వాడు అంచున పోక రోడ్డు మధ్యకెందుకొస్తాడు?" అని మనం విసుక్కుంటాం. ఆ అంచున ఏముంటుందో ఒకసారి దిగి చూడండి. ఇసక, గాజు పెంకులు, కుంగిన మ్యాన్‌హోలు మూతలు, నిలబెట్టిన స్కూటర్లు, ఇంకా మనబోటివాళ్ళు తీసే కారు తలుపులు! వాటిని తప్పించుకోవడానికే అతను ఒక మూర ఇటు జరుగుతాడు. మనకది మొండితనంలా కనిపిస్తుంది.

సైకిలుకు సాధారణంగా అద్దం ఉండదు. వెనక గట్టిగా హారన్ మోగితే తల తిప్పి చూడాలి. తల తిరిగితే భుజమూ తిరుగుతుంది, భుజంతోపాటు హ్యాండిలూ తిరుగుతుంది. అంటే మనం తప్పుకోమని కొట్టిన హారనే అతన్ని మన మీదకు తెస్తుందన్నమాట. ఇక వెనక సిమెంటు సంచో, పాలక్యానో ఉంటే, ఆగి మళ్ళీ కదలడానికి ఎంత ప్రయాసో చెప్పనక్కర్లేదు. మొదటి రెండు మూడు తొక్కుళ్ళకూ సైకిలు అటూ ఇటూ ఊగుతుంది. సిగ్నలు దగ్గర ఆ రెండు క్షణాలు ఓపిక పడితే చాలు.

మరొకటి ఉంది. కారు సైకిలును దాటేసి, వెంటనే దాని ముక్కు ముందే ఎడమకు తిరిగిపోతుంది. నడిపేవాళ్ళు దాటిపోయామనే అనుకుంటారు. సైకిలు మాత్రం ఇంకా పక్కనే ఉంటుంది. ఎడమకు తిరగవలసి ఉంటే దాటకుండా దాని వెనకాలే నెమ్మదిగా పోతే ఏం పోతుంది చెప్పండి?

నడిపేవాళ్ళ మాట కూడా చెప్పకపోతే న్యాయం కాదు. సైకిలు వాళ్ళలోనూ ఎదురుదారిన వచ్చేవాళ్ళున్నారు. చెయ్యి చూపకుండా మలుపు తిరిగేవాళ్ళున్నారు. చీకట్లో దీపం లేకుండా, నల్లచొక్కా వేసుకుని వచ్చేవాళ్ళున్నారు. చెవుల్లో పాటలు పెట్టుకుని తొక్కే కుర్రాళ్ళ సంగతి సరేసరి. వాళ్ళకూ చెప్పవలసిందే. కాకపోతే ఒక తేడా ఉంది. కారువాళ్ళు పొరపాటు చేస్తే సాధారణంగా దెబ్బ తగిలేది సైకిలు వాళ్ళకే. సైకిలు వాళ్ళు పొరపాటు చేసినా దెబ్బ వాళ్ళకే. కేంద్ర రవాణాశాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. అందులో సైకిలు తొక్కేవారే నాలుగు వేలకు పైగా ఉన్నారు.

మన విజయవాడలోనే చూడండి. 2020లో కనకదుర్గ ఫ్లైఓవరు వచ్చింది, బెంజి సర్కిల్‌లో మొదటి ఫ్లైఓవరూ ఆ ఏడాదే వచ్చింది. కార్లకు ఎంతో సుఖమయింది, సంతోషమే. కానీ బరువు వేసుకుని ఆ ఎత్తు తొక్కడం ఎంత కష్టమో సైకిలు వాణ్ణే అడగాలి. అతనికి చివరకు దక్కేది కింది రోడ్డే, ఆటోల మధ్యా బస్సుల మధ్యా.

ఇక మన చేతిలో ఉన్నదేమిటో చూద్దాం. మొదటిది కారు తలుపు. తలుపుకు దగ్గరగా ఉన్న చేత్తో కాక, దూరంగా ఉన్న చేత్తో తీయడం అలవాటు చేసుకోండి. ఎడమవైపు కూర్చుంటే కుడిచేత్తో, కుడివైపు కూర్చుంటే ఎడమచేత్తో. అలా తీసి చూడండి, ఒళ్ళు దానంతటదే తలుపు వైపు తిరుగుతుంది, చూపు వెనక్కి పోతుంది. ఇది నెదర్లాండ్స్ దేశం వాళ్ళ అలవాటు. ఆ దేశంలో సైకిళ్ళ వాడకం చాలా ఎక్కువ. మనలాగే ఎడమపక్కన నడిచే బ్రిటన్‌లో 2022లో రహదారి నియమావళిలో కూడా ఈ పద్ధతిని చేర్చారు. పైసా ఖర్చు లేదు. నాకు అలవాటు కావడానికి నెలరోజులు పట్టింది. మొదట్లో గాజులకు ఒక ఎర్రదారం కట్టుకున్నాను, గుర్తుండాలని. మా అమ్మాయి నవ్వింది. ఇప్పుడు తనూ అలాగే తీస్తోంది.

ఆటోకు తలుపు ఉండదు, అక్కడ మన కాలే తలుపు. దిగేముందు ఒకసారి తల బయటపెట్టి వెనక్కి చూసి మరీ దిగండి. పిల్లల్ని బడి దగ్గర దింపేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

రెండోది, నడిపేవాళ్ళను తొందరపెట్టకండి. "సినిమా వేళయిపోయింది, పోనివ్వండి, పోనివ్వండి" అనేది చాలాసార్లు మనమే. సైకిలును దాటేటప్పుడు ఒక మనిషి చేయి చాపుకున్నంత కన్నా ఎక్కువ ఎడం వదలమని నెమ్మదిగా గుర్తు చేయండి.

మూడోది, మీ ఇంటికి సైకిలు మీద వచ్చే మనిషి ఒకరన్నా ఉంటారు. వెనక మడ్గార్డుకు ఎర్రటి రిఫ్లెక్టరు ఉందో లేదో చూడండి. లేకపోతే ఒకటి కొనివ్వండి, ఓ ముక్క మెరిసే టేపు మీరే అంటించండి. పేపరు కుర్రాడు తెల్లవారకముందే తిరుగుతాడు కదా.

నాలుగోది, ఎవరన్నా పడిపోతే చూస్తూ నిలబడిపోకండి, 108కి ఫోను చేయండి. పోలీసులు, సాక్ష్యాలు అని భయపడేవారుంటారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, మంచి మనసుతో సాయపడినవారి మీద కేసు ఉండదని రాశారు. వారి పేరూ ఊరూ చెప్పమని బలవంతపెట్టకూడదని ఆ చట్టం కింది నియమాల్లో ఉంది.

ఆ తాపీ మనిషి సంగతి చెప్పనేలేదు కదూ! వారం తరవాత మావారూ నేనూ కూలీలు పొద్దున్నే నిలబడే అడ్డా దగ్గరికి వెళ్ళి వాకబు చేశాం. మణికట్టు వాచి పనిలోకి రావడం లేదని చెప్పారు. మళ్ళీ నాలుగు రోజులకు వెళితే కనబడ్డాడు. "ఆరోజు తప్పు నాది బాబూ, తలుపు తీసింది నేను" అన్నాను. అతను నా వంక వింతగా చూశాడు. "తెలుసమ్మా" అన్నాడు.

"మరి నువ్వెందుకు తప్పయిందన్నావు?"

"ముందే అనేస్తే గొడవుండదమ్మా. అనకపోతే చుట్టూ చేరినోళ్ళు నాలుగు తగిలిస్తారు."

మణికట్టు డాక్టరుకు చూపించి, పోయిన రోజుల కూలి మావారు లెక్కకట్టి ఇచ్చారు. అది దానమని మేమనుకోలేదు, బాకీ. మూత సొట్టపోయి పట్టడం లేదని వాళ్ళావిడ అంటోందట, అందుకని క్యారేజీ ఒకటి కొనిచ్చాను. ఇవన్నీ ఇచ్చినా, ఆ మాట మాత్రం నా చెవుల్లోంచి పోలేదు. తను చేయని తప్పుకు నడిరోడ్డు మీద క్షమాపణ చెప్పుకోవడం ఆ మనిషికి ఎంత అలవాటయిపోయిందో!

అందుకే మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. ఈ సాయంత్రం కారులోనో ఆటోలోనో ఎక్కడికన్నా వెళితే, దిగేముందు ఒక్కసారి వెనక్కి చూడండి. వచ్చే సైకిలు ఉంటే దాన్ని పోనిచ్చి అప్పుడు దిగండి. ఒకవేళ ఎప్పుడన్నా పొరపాటు జరిగితే, తప్పు నాది అని మొదట మీరే అనండి. అతను అనేదాకా ఆగకండి.