కాచిగూడ నుండి ఆండ్రోమెడా



కాచిగూడలోని మా డాబాపై, నా బాల్యమున, కార్తిక రాత్రులయందు మా తాతగారు ఒక మసక తునకను చూపెడివారు. గత కార్తిక అమావాస్యనాడు నా మనుమరాలికి దానిని చూపబోయితిని. ఎంత వెదకినను కానరాలేదు. దాని కథయే నేటి ప్రసంగము.

ఉత్తరాభాద్రకు ఈశాన్యముగా చిన్న మబ్బువలె నుండు ఈ వస్తువును పారసీక పండితుడు అల్ సూఫీ 964లోనే వ్రాసియుంచెను. అది మన పాలపుంతలోని పొగమబ్బా, వేఱొక పాలపుంతయా యని శాస్త్రజ్ఞులు చిరకాలము వాదించిరి.

1923లో అమెరికాలోని మౌంట్ విల్సన్ పర్వతముపై, 100 అంగుళముల దూరదర్శినితో తీసిన పటములయందు, వెలుగు పెరుగుచు తఱుగుచు నుండు తార నొకదానిని హబుల్ కనుగొనెను. అట్టి తార ఎన్ని దినముల కొకసారి పెరుగునో తెలిసినచో దాని నిజకాంతి తెలియును. దీపపు బలము తెలిసినచో, అది కంటి కెంత మసకగా నున్నదో చూచి దూరము చెప్పవచ్చును గదా! ఆ లెక్కకు అది సుమారు 9 లక్షల కాంతిసంవత్సరముల దూరమున నున్న వేఱు పాలపుంత యని తేలెను. అట్టి తారలు రెండు జాతులని 1952లో బాడే తెలిపిన పిమ్మట ఆ దూరము రెట్టింపునకు మించెను. నేటి లెక్క సుమారు 25 లక్షలు.

మన నగరమును ఈ విద్యయందు వెనుకబడలేదు. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరిన బేగంపేటలోని నిజామియా వేధశాల, గాజు పలకలపై తీసిన పటములను కొలిచి, 7 లక్షలకు పైగా తారాస్థానములను ప్రకటించినది. పిమ్మట, నగరపు వెలుగునకు దూరముగా, 50 కిలోమీటర్లకు పైబడిన జపాల్ రంగాపురమున 48 అంగుళముల దూరదర్శిని 1968లో నెలకొన్నది. అంత దూర మేల? అద్దమెంత పెద్దదైనను, తార వెలుగుతోపాటు ఆకాశమున ప్రాకిన దీపకాంతిని గూడ ప్రోగుచేయును.

25 లక్షల యేండ్లు నడచివచ్చిన కిరణము మా వీధిదీపము కడ ఓడిపోవుచున్నది. దీపములను ఆర్పవలదు, వానిపై మూతలుంచి, వెలుగును నేలకు దింపుడు. మనము నడచు దారి నేలపైననే కదా యున్నది!

మఱునాటి రాత్రి ఊరు దాటి, పొలముగట్టుపై ఆ తునకను చూపితిని. "తాతా, ఇది మన యింటిపైన లేదా?" యని మనుమరాలు అడిగెను.

"ఉన్నదమ్మా, మనమే కప్పివేసితిమి" అంటిని.